ధూళి తూచే పెట్టెకు పండగ సెలవు

బళ్ళారి జిల్లా నుంచి తిరిగొచ్చాక నా తెల్లచొక్కాలు రెండూ ఇటుకరంగులో స్థిరపడిపోయాయి. బెంగళూరులో మా వీధి చివర ఇస్త్రీ చేసే మనిషి వాటిని వెలుతురుకు ఎత్తి చూసి, రంగు బాగుంది, ఎక్కడ అద్దించారు సార్ అని అడిగాడు. సండూరు కొండలు అద్దాయి, డబ్బులు కూడా తీసుకోలేదు అన్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళకు చూపించడానికి నా దగ్గరున్న ఫొటోల కన్నా ఈ చొక్కాలే నయం. ఫొటోల్లో దుమ్ము పొగమంచులాగా అందంగా పడింది.

చైనాకు ఇనుము ఎంత పోసినా చాలని సంవత్సరాలవి. కొండలు లారీలెక్కి ఓడరేవులకు పోతున్నాయి. నేను మాత్రం ఆవగింజంత వస్తువు ఒకటి పట్టుకుని ఆ కొండల దగ్గరకు బయలుదేరాను.

ఆ వస్తువు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత విసిగించను. మా ల్యాబులో మేడం తయారుచేసిన సిలికాన్ ముక్క అది. దాని అంచున దువ్వెన పళ్ళలాగా వరసగా పలకలుంటాయి. ఈతకొలను గట్టు మీద నుంచి నీళ్ళలోకి దూకడానికి ఒక పలక ఉంటుంది చూడండి, అలాంటివే. కాకపోతే ఒక్కొక్కటి తలవెంట్రుక కన్నా సన్నం. కరెంటు ఇస్తే అవి ఊగుతాయి. దుమ్ము రేణువు ఒకటి వచ్చి కూర్చుంటే ఆ బరువుకు ఊపు నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదించిందో లెక్కకట్టి రేణువు బరువు చెప్పొచ్చు. కూర్చున్న దుమ్ము జారిపోకుండా పలకల మీద నానోమీటర్ల మందాన ఒక పూత ఉంది. ఆ పూత కుదరడానికి మేడంకు కొన్నేళ్ళు పట్టింది. నేను ఒక్క తుమ్ముతో రెండు ముక్కలు ఎగరగొట్టాను. అప్పటి నుంచి నాకు జలుబు చేస్తే అడక్కుండానే సెలవిస్తారు.

ఆవగింజను మోసే పెట్టె మాత్రం టిఫిను క్యారియరంత. లోపల గాలి పీల్చే బుల్లి ఫ్యాను, ఊపిరితిత్తుల దాకా పోయే సన్న ధూళిని మాత్రమే లోనికి వదిలే జల్లెడ, లెక్కలు దాచుకునే కార్డు ఉంటాయి. పక్కన ఒక ఎర్ర స్విచ్చి. గనుల దారిలో ఒక ఇంటి ముందు దీన్ని పెట్టి, లారీలు తిరిగే రోజూ, లారీలు లేని రోజూ గాలిని తూచుకురావాలి. ఇదీ నా యాత్ర. అందరూ దేవుణ్ణి చూడటానికి వెళ్తారు, నేను దుమ్మును చూడటానికి వెళ్ళాను. క్యూ లేకుండా దర్శనమైంది.

బళ్ళారి: టన్ను ఎంత?

బళ్ళారి బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జి మేనేజరు నన్ను, నా పెట్టెను మార్చి మార్చి చూశాడు.

"మైన్సా, ట్రాన్స్‌పోర్టా?"

"రెండూ కాదండీ. దుమ్ము."

"దుమ్ము బిజినెస్సా? కొత్తగా ఉండాదే. టన్ను ఎంతకు కొంటాండారప్పా?"

కొనడం లేదు, తూచడమే అన్నాను. దాంతో నా మీద గౌరవం తగ్గి, గది అద్దె పెరిగింది. గనులు రాకముందు ఆ గదిని ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్ళు కారని పక్కగది ముసలాయన చెప్పాడు. మంచం మీద పడుకోగానే ఆయన మాట నమ్మాను.

పొద్దున్నే ఒగ్గరణె తిన్నాను. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పడేస్తారు. అనంతపురం వాళ్ళు దీన్నే ఉగ్గాని అంటారు. మాది తెనాలి పక్క పల్లె. మా వైపు బొరుగులు కాలక్షేపానికి తినేవి, గుప్పెట్లోంచి ఒక్కొక్కటిగా. ఇక్కడ వాటితో కడుపు నింపుకుని పనికి పోతారు. ప్లేటు పది రూపాయలు. బజ్జీ కొరికాక కళ్ళ నీళ్ళు ఉచితం. "సాకా, ఇంకా బేకా?" అన్నాడు హోటలాయన. చాలన్నాను, కన్నడంలో కాదు, ఏడుపులో.

కూరెకుప్ప: మాబుసాబ్ అనుమానం

తోరణగల్లు వైపు బస్సులో కండక్టరు పెట్టెకు కూడా టికెట్టు కొట్టాడు. కిటికీ అవతల లారీల వరుస ఎక్కడా తెగలేదు. బస్సే ఆ వరుసలో పొరపాటున దూరిన బంధువులా ఉంది.

కూరెకుప్ప దగ్గర దిగి, షేర్ ఆటో కోసం ఒక పంక్చరు షాపు నీడలో నిలబడ్డాను. షాపు మాబుసాబ్‌ది. యాభై దాటినాయన. గడ్డం సగం తెలుపు, సగం ఎరుపు. గోరింటేమో అనుకున్నాను. గోరింట కాదు.

"క్యా భాయ్, ఈ డబ్బాలో ఏముండాది?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, గొంతు తగ్గించి అడిగాడు.

"గ్రేడు చూపిస్తాదా?"

"ఏం గ్రేడండీ?"

"అరే, అదురులో ఇనుము ఎంతుండాదో చూపిస్తాదా లేదా? నీ డబ్బా నా చేనులో పెడితే చెప్తాదా, కింద మాలు ఉందో లేదో?"

అక్కడ అదురంటే ఇనుపరాయి. నా పెట్టె పైన ఎగిరేదాన్ని తూస్తుంది గానీ కింద ఉన్నదాన్ని చూడలేదన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. "పైకి ఎగిరేది నేను రోజూ చూస్తాండా కదప్పా, దానికి మిషన్ ఎందుకు? నమాజుకు ముందు ముఖం కడిగితే మూడో తూరికి గానీ నీళ్ళు తెల్లగా రావు." టీ మాత్రం ఆయనే ఇప్పించాడు. ఆ దారిలో నన్ను గ్రేడు అడగనివాడు తర్వాత ఒక్కడూ తగల్లేదు. అదురు లారీ మీద ఎంత ఎక్కిందో సరిగ్గా తూచే తీరిక ఎవరికీ లేని నేలలో, రేణువు బరువు తూస్తానంటూ తిరిగేవాణ్ణి పిచ్చివాడనుకోవాలి. వాళ్ళు మర్యాదస్తులు, గ్రేడు అడిగి వదిలేశారు.

తారానగర్ దాటాక ఒక ఊరు

ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు నాకు అన్నం పెట్టారు.

లోడు లారీలన్నీ ఊరి నడిమధ్య రోడ్డు మీదుగా దిగుతాయి. ఖాళీ బళ్ళు సండూరు వైపు చుట్టుదారిలో తిరిగిపోతాయి. పగలూ రాత్రీ తేడా లేదు. రోడ్డు పక్క ఇళ్ళు, రోడ్డు మీది కుక్క, వేపచెట్టు అన్నీ ఒకే రంగు. కుక్క నల్లదట.

నేను పెట్టె పెట్టాల్సిన ఇల్లు వన్నూరప్పది. ఆరెకరాల్లో మిరప వేసే రైతు. గుమ్మం దగ్గర ఆయన తల్లి హంపమ్మ చెంబు అందించింది. నేను తాగబోయాను.

"అయ్యో, తాగేది కాదు నాయనా, ముఖానికి. ముందు ముఖం కడుక్కో, తర్వాత నువ్వెవరో చూస్తా."

మా వైపు చుట్టానికి ముందు మంచినీళ్ళిస్తారు. ఇక్కడ ముందు ముఖం తిరిగి ఇస్తారు. తర్వాత జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. మా గోంగూరే అది. గోంగూర మాదేనని గుంటూరు జిల్లా వాళ్ళకుండే గర్వం మూడో రొట్టె దగ్గర పోయింది. బిందె మీద రెండు గుడ్డలు కట్టి ఉన్నాయి. గిన్నెల మీద మూతలు, మూతల మీద గుడ్డలు.

వన్నూరప్ప భార్య సుజాత ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళ పాప గంగ ఒకటో తరగతి. గోడకు వీపు ఆనించి కూర్చుని, ఊపిరి తీసుకున్నప్పుడల్లా భుజాలు పైకి లేపుతోంది. సన్నగా ఈల లాంటి శబ్దం.

"మామా, నీ పెట్టె కూడా గాలి పీలుస్తాదంట కదా. దానికీ ఆయాసం వస్తాదా?"

దానికి నేనో జోకు వెయ్యాలి. దొరకలేదు. వస్తుంది, ధూళి ఎక్కువైతే నెమ్మదిస్తుంది అన్నాను. అది నిజం కూడా.

అసలు విషయం సుజాతే చెప్పింది. ఊరివాళ్ళు సండూరులో ఒక ఆఫీసరుకు అర్జీ పెట్టారు, లోడు లారీలను గుట్ట వెనక పాత బండ్లబాటకు మళ్ళించమని. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ఇది ఎర్రమట్టి నేల, గాలి వీచినా దుమ్మే లేస్తుంది, లారీల వాటా ఎంతో చూపించండి అన్నాడు. ఊరి బడి మాస్టరు మా మేడం దగ్గర చదువుకున్నవాడు కావడంతో ఆమెకు ఫోన్ చేశాడు. అలా పెట్టె, దాని వెనక నేను. విజయదశమి మర్నాడు ఆఫీసులో విచారణ.

"ఆఫీసరు ఒప్పుకుంటే ఈడనే ఉంటామన్నా," అంది సుజాత. "లేదంటే మర్నాడే పాపను తీసుకుని ఉరవకొండకు పోతా, మా అమ్మోళ్ళింటికి. ఆడనే బడికేస్తా. మళ్ళీ ఈ గాలికి తీసుకురాను."

"తోట ఇడిసి నేనెట్ల వస్తా?" అన్నాడు వన్నూరప్ప, నాతో అన్నట్టు.

"నిన్ను రమ్మనలేదు కదా."

హంపమ్మ రొట్టె తట్టడం ఆపలేదు. "ఇద్దరూ ఆడొకరు ఈడొకరు ఉంటే, దాన్ని ఇల్లంటారా ఏమన్నా?" అంది పిండితో.

అప్పుడే పక్కవాకిలి నుంచి వన్నూరప్ప అన్న తిప్పన్న వచ్చాడు. రెండు లారీల ఓనరు. ఆ లారీలూ ఇదే దారిన పోతాయి. గంగ మందు పీల్చే మిషను కొన్నదీ ఆయనే, ఆ లారీల సంపాదనతోనే. ఆ ఇంట్లో దుమ్మును తిట్టాలంటే ఎవరు ఎక్కడిదాకా తిట్టొచ్చో అందరికీ కొలతలు తెలుసు.

"ఏమప్పా బెంగళూరు, ఆవగింజను మొయ్యను ఇంత పెట్టెనా? మా మాలు మొయ్యను కూడా ఇంత హంగు లేదే."

"మీ మాలు తుమ్మితే ఎగిరిపోదండీ."

"ఎగిరిపోతాండాది కదప్పా, అదే కదా నీ కంప్లెయింటు," అని నవ్వి, పెట్టెకు కావలసిన బ్యాటరీ తన పాత లారీలోంచి ఊడదీసి ఇచ్చాడు.

లారీలు లేని రోజు ఎలా అన్నది మేడం ముందే ఆలోచించింది. ఆ దారిలో బళ్ళన్నీ ఆగేది ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు. ఆ రోజు కడిగి, అరటిపిలకలు కట్టి, పూజచేసి నిలబెడతారు. పెట్టె తనంతట తానే తూచుకుంటుంది. దానికి నేను అక్కర్లేదు. ఈ సంగతంతా వన్నూరప్పకు వివరంగా చెప్పాను. పెట్టెను అరుగు మీద పెట్టి, లారీల రోజుల లెక్క పోగుచేసుకుని, పండగ పొద్దున నేను బస్సెక్కాను.

రూపనగుడి: కత్తికి విశ్రాంతి

ల్యాబులో నాతో పనిచేసే రఘుది రూపనగుడి. పండగకు రమ్మన్నాడు. అక్కడ గనుల్లేవు. మిరప, పత్తి, ఆకాశం మామూలు రంగులో. వాళ్ళ నాన్న ట్రాక్టరుకు నేను పెళ్ళిలో కూడా వేసుకోనంత పెద్ద దండ వేశాడు. పలుగు, పార, కొడవలి, కుట్టుమిషను, స్కూటరు అన్నీ వరసలో. అన్నిటికీ విభూది, కుంకుమ.

భోజనం దగ్గర నిమ్మకాయ కోసుకుందామని కత్తి అడిగాను. పంక్తి మొత్తం చెయ్యి ఆపింది.

"కత్తికి ఈ పొద్దు పూజయిందప్పా," అన్నాడు రఘు నాన్న, నేనేదో శవాన్ని లేపమన్నట్టు. "పని చెప్పగూడదు. కూరలు కూడా నిన్ననే కోసి పెట్టినారు."

"మరి నిమ్మకాయ?"

"కొరికేదానికి పండ్లుండాయి కదా నీకు?"

మా ఊళ్ళో దసరాకు పుస్తకాలకు పూజ చేస్తే మాకు చదువు తప్పేది. అంతకు మించి ఆలోచించలేదు. ఏడాదంతా మనకోసం అరిగే వస్తువుకు ఒక్కరోజు పని చెప్పకపోవడం బాగానే ఉందనిపించింది. ఫ్యాక్టరీ చట్టాలు ఎప్పటికో కనిపెట్టిన సెలవును వీళ్ళు కొడవలికి ఎప్పుడో ఇచ్చేశారు అని రఘుతో అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకుని రెండోసారి పాయసం వేయించుకున్నాను. అదే సమయంలో నా పెట్టె సంగతి ఏమైందో ఆలోచించేంత తెలివి మాత్రం ఆ పాయసంలో లేదు.

మళ్ళీ ఆ ఊరు: విభూది రేఖలు

దశమి పొద్దున తిరిగొచ్చేసరికి లారీలు అప్పుడే మొదలయ్యాయి, మెడలో వాడిన బంతిపూల దండలతో. రేవులో ఎదురుచూసే ఓడ పండగ చూడదు కదా.

పెట్టెను గుర్తుపట్టలేదు. మెడలో బంతిదండ, నుదుట మూడు విభూది రేఖలు, నడుమ రూపాయంత కుంకుమ, నాలుగు మూలలా నిమ్మకాయలు. ఎర్ర స్విచ్చి మీద ప్రత్యేకంగా పసుపు. స్విచ్చి ఆపేసి ఉంది.

"నిన్న పొద్దంతా దానికి రెస్టు ఇచ్చినాం నాయనా," అంది హంపమ్మ సంతోషంగా. "పొద్దున్నే ఆపేసి, దండ ఏసి, టెంకాయ కొట్టినా. ఈ పొద్దు మంచి గంట చూసి నువ్వే ఆన్ చెయ్యి."

కంప్యూటరు పెట్టి చూశాను. పండగ తెల్లవారుజాము దాకా గీత ఉంది. తర్వాత లేదు. ఏడాదిలో లారీలు ఆగే ఒకే ఒక్క రోజు, దాన్ని తూచడానికి వచ్చిన పెట్టె లారీలతో పాటు సెలవు తీసుకుంది.

నేను అరుగు మీద కూర్చున్నాను. వన్నూరప్ప వచ్చి తెర చూశాడు, స్విచ్చి చూశాడు, తల్లిని చూశాడు.

"అమ్మా, ఆపొద్దని చెప్పలేదా నీకు?"

"యాడ చెప్పినావు? పొద్దున లేస్తూనే అన్న బండ్లు కడగను పోతివి."

"పండగ పూట నీతో మిషన్ల మాట ఎందుకులే అని..."

"అన్ని మిషన్లకు సెలవిచ్చి దీనికి మాత్రం పని చెప్తే పాపం కాదా? అది కూడా ఇంట్లో ఉండేదే కదా. లారీ కన్నా చిన్నదని ఇడిసిపెట్టేదా?"

నేను దూది తీసుకుని పెట్టె ముక్కులోంచి విభూది తుడిచి, స్విచ్చి మళ్ళీ వేశాను. దండ అడ్డం పడటంతో జల్లెడ లోపలికి ఏమీ పోలేదు. దేవుడి దయ అనొచ్చు, బంతిపూల దయ అనడం ఇంకా కచ్చితం.

సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అంటే రేపు చూపించేదానికి ఏమీ లేదు," అంది.

"లారీల దుమ్ము ఉంది. లారీలు లేని గాలి లేదు."

"అదే కదా ఆయన అడిగింది."

హంపమ్మ ముఖంలో సంతోషం అప్పుడు జారింది. పాప ఒళ్ళో కూర్చుని, నాన్నమ్మ చేతికంటిన పసుపు గోటితో గీకుతూ ఉంది.

బన్ని ఆకు

అక్కడ దశమి నాడు జమ్మి ఆకును బన్ని అంటారు, బంగారమంటూ పంచుకుంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఏడాది పాటు మాట్లాడుకోనివాళ్ళు కూడా ఆ రోజు ఆకు అందుకోవాలి. అందుకున్నాక ముఖం తిప్పుకోకూడదు, ఎదుటివాళ్ళు ఏమన్నా వినాలి. మా వైపు జమ్మి ఆకు పుస్తకాల్లో దాచుకుంటాం. దానితో పని చేయించుకోవచ్చని తెలియదు.

మధ్యాహ్నం దాటాక తిప్పన్న ఊరి పూజ నుంచి వచ్చాడు. సుజాత తలమీద కొంగు సర్దుకుని ఎదురెళ్ళి, చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు వంగింది.

"బంగారం తీసుకో బావా."

"చల్లగుండమ్మా."

ఆమె లేవలేదు. "చల్లగుండాలంటే గాలి ఉండాల కదా బావా. ఒక్క పూట బండ్లు నిలిస్తే చాలంట. ఆ అన్న చెప్పినాడు."

ఆ అన్న నేను. అంతకుముందు ఆమె అడిగితే, ఒక్క పూట చాలదని, కానీ ఏమీ లేనిదాని కన్నా మేలని చెప్పాను. ఎందుకడిగిందో అప్పుడు నాకు తెలియదు.

"నేను మినిస్టరునా? నావి రెండు బండ్లు. ఆ దారిలో పోయేటివి ఎన్నో చూసినావా?"

"ఊరి బయట కల్వర్టు మీద ఒక్క బండే పడతాది కదా బావా."

తిప్పన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నేను వేపచెట్టును చూశాను. "ఇంత బుర్ర ఉన్నదానివి లారీలు నువ్వే పెట్టుకుంటే అయిపోయుండు," అన్నాడు చివరికి. ఆకును చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని పోయాడు. ఒప్పుకున్నాడో, కోపం చేసుకున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

కల్వర్టు

టీ వేళకు రోడ్డు మీద లారీలు రావడం ఆగిపోయింది. నేను నడుచుకుంటూ వెళ్ళి చూశాను.

ఊరికి ఎగువన, ఇరుకు కల్వర్టు మీద తిప్పన్న లారీ లోడుతో అడ్డంగా ఉంది. వెనక చక్రం ఊడి, జాకీ మీద. ఆయన ఆ చక్రం మీదే కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వెనక, కొండ మలుపు దాకా లారీలు. మూడు భాషల్లో తిట్లు. నాలుగోది ఏదో నాకు తెలియలేదు, స్వరం మాత్రం తిట్టుదే.

"ఏ తిప్పన్నా, స్టెప్నీ లేదా?"

"స్టెప్నీలో గాలి లేదప్పా."

"ఎట్ల లేదు? పొద్దున చూసినా కదా!"

"పొద్దున ఉండ్య. ఇప్పుడు లేదు. గాలి కదా, పోతాండాది, వస్తాండాది. మాబుసాబ్‌కు ఫోన్ చేసినా, వస్తాండాడు."

కూరెకుప్ప నుంచి మాబుసాబ్ మోపెడ్ మీద వచ్చాడు, దారిలో ఎవరైనా ఎదురైతే పలకరించకుండా రాలేదట. నన్ను చూసి గుర్తుపట్టాడు. ట్యూబు బయటకు తీసి, నీళ్ళతొట్టిలో ముంచి, బుడగల కోసం చూశాడు. బుడగల్లేవు. మళ్ళీ ముంచాడు. ఉన్న రంధ్రం అయితే తొందరగా దొరుకుతుంది. లేని రంధ్రం వెతకాలంటే ఓపిక కావాలి. ఆయనకది పుష్కలంగా ఉంది.

"జరా సబర్ భాయ్," అన్నాడు హారన్ల వైపు తిరిగి. "గాలి విషయం, తొందర పడగూడదు."

ఇంటికి వచ్చేసరికి హంపమ్మ పెట్టె పక్కన పీట వేసుకుని కాపలా కూర్చుంది. ఎవరినీ స్విచ్చి చాయలకు రానివ్వడం లేదు, నన్ను కూడా.

తెర మీద గీత ముందు కదల్లేదు. ఎగిరిన ధూళి దిగడానికి సమయం కావాలి. తర్వాత కొద్దికొద్దిగా వంగింది. అప్పుడప్పుడు గాలి వీచినప్పుడు చిన్న గుబ్బ లేచి, మళ్ళీ పడేది. అది నేల దుమ్ము. ఆఫీసరు అన్నది అబద్ధం కాదు, నేల వాటా ఉంది. ఉదయపు గీత పక్కన పెడితే ఆ గుబ్బలు కొండ పక్కన పుట్టల్లా ఉన్నాయి. నేను చాలాసేపు దాన్నే చూస్తూ ఉన్నాను. ఏళ్ళ తరబడి పూత మీద పూత వేసి, వెంట్రుక కన్నా సన్నం చేసి, మనుషుల ఊపిరి కన్నా ముందే బరువు పసిగట్టాలని మేడం పడ్డ తంటాలన్నీ ఈ చిన్న పుట్టలు కనిపించడానికి. అవి కనిపించాలంటే ఒక లారీ కల్వర్టు మీద చక్రం ఊడదీసుకుని నిలబడాలి. ఈ రెండోది మా ప్రాజెక్టు ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

దుమ్ము దిగేకొద్దీ గుట్ట మీది రాళ్ళు ఒక్కొక్కటిగా తేలాయి. గంగ వీధిలో కుంటాట ఆడింది. దగ్గింది కూడా. ఒక్క సాయంత్రానికి రొమ్ము బాగైపోతే డాక్టర్లెందుకు.

సండూరు

ఆఫీసు ముందు జీపుకు అరటాకులు ఇంకా విప్పలేదు. అద్దం మీద కుంకుమ. ఆఫీసరు బల్ల మీద కాగితం పరిచి గీత చూశాడు. కాంట్రాక్టర్ల తరపున ఒక తెల్లబట్టల మనిషి వచ్చాడు. ఆ దారిలో బట్టలు అంత తెల్లగా ఎలా ఉంచుకున్నాడో అడగాలనుకున్నాను.

"ఆయుధపూజ రోజు ఖాళీగా ఉందేమిటి?" అన్నాడు ఆఫీసరు.

"ఆ రోజు పరికరం సెలవులో ఉంది సార్."

"ఎవరిచ్చారు?"

"ఇంటి పెద్దావిడ."

ఆయన కిటికీలోంచి తన జీపును ఒకసారి చూసి, ఆ ప్రశ్న వదిలేశాడు.

"దశమి సాయంత్రం ఈ పల్లం?"

తిప్పన్న లేచాడు. "నా బండి పంక్చరు సార్. కల్వర్టు మీద. ఊర్లోకి లోడు బండి ఒక్కటీ రాలేదు."

"అంతసేపా?"

"మాబుసాబ్ బాగా వెతుకుతాడు సార్."

ఒక్క సాయంత్రం లెక్క సరిపోదని, కానీ దిశ చూపిస్తుందని నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తెల్లబట్టల మనిషి గొంతు సవరించుకున్నాడు. గీతలు ఏమైనా కానీ, గుట్ట వెనక బాటలో లోడు బండి పోదు, ఇరుసులు విరుగుతాయి అన్నాడు.

"పోతాది సార్," అన్నాడు తిప్పన్న. "ఈ పొద్దు నేను ఆ బాటలోనే వచ్చినా. లోడుతోనే. బయట నిలిచుండాది, చూస్కోండి."

అందరం కిటికీ దగ్గరకు పోయాం. లారీ రెండు పక్కలా తుమ్మకొమ్మలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక పక్క అద్దం లేదు. ఇరుసులు మాత్రం ఉన్నాయి.

వచ్చే వారం నుంచి లోడు లారీలు గుట్ట వెనక బాటలో పోవాలి, కొన్నాళ్ళు చూద్దాం, ఉత్తర్వు తర్వాత వస్తుంది అన్నాడు ఆఫీసరు. చప్పట్లేమీ లేవు. మెట్లు దిగుతుంటే తిప్పన్నకు గని గేటు దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆయన బళ్ళు రెండూ లోడింగు వరుసలో చివరికి పోయాయట, ఎందుకో వాళ్ళు చెప్పలేదట. "చెప్పాల్సిన పని లేదులే," అని ఫోన్ జేబులో వేసుకున్నాడు. విరిగిన అద్దం గురించి మాత్రం దారిపొడుగునా తమ్ముణ్ణి తిట్టాడు, అది విరిగినప్పుడు వన్నూరప్ప ఆ బండిలో లేకపోయినా.

ఇంటికి చేరి నేను పెట్టె సర్దుకుంటుంటే, సుజాత లోపలి గదిలో రెండు పెద్ద సంచులు ముందు వేసుకుని కూర్చుంది. ఊరికి పోవడానికి అన్నీ మడిచి సిద్ధంగా ఉన్నవి. ఒక సంచి జిప్పు తీసి, గంగ బడి గౌను, రెండు రిబ్బన్లు, ఒక జత సాక్సు బయటపెట్టి, మళ్ళీ జిప్పు వేసేసింది.

హంపమ్మ గుమ్మంలోంచి చూసింది. "ఆఫీసరు ఒప్పుకున్నాడంట కదమ్మా. అన్నీ తియ్యరాదా?"

"వచ్చే వారం అన్నాడు, కొన్నాళ్ళు అన్నాడు," అంది సుజాత. "ఆయన చెప్పినంతకు ఇవి చాలత్తా."